ఏడో నిమ్మకాయ

మా ఆయన కొన్న క్యాంపర్ బండి బుధవారం ఉదయం పదీ ఇరవైకి జనగామలో మా ఇంటి ముందు ఆగింది. పదీ నలభైకి మొదటి మనిషి వచ్చి గేటు దగ్గర నిలబడి అడిగాడు.

"దోసెలెప్పటి సంది మొదలువెడ్తరు సార్?"

అతని తప్పేమీ లేదు. రెండు చక్రాల మీద తెల్లటి డబ్బా, దానికొక చిన్న కిటికీ, పక్కకు తెరుచుకునే పందిరి గుడ్డ. మా వీధిలో ఎవరు చూసినా అది టిఫిన్ బండే. దాన్ని కారు వెనక తగిలించుకొని ఎక్కడికైనా పోయి, అందులోనే వండుకొని అందులోనే పడుకోవచ్చునని మా ఆయన వచ్చినవాళ్లందరికీ ఓపికగా చెప్పాడు. శుక్రవారం సాయంత్రానికి నలభై ఒక్కమంది వచ్చారు. నలభై ఒక్కమందీ తలూపారు. అందులో పద్దెనిమిది మంది తిరిగి పోతూ పోతూ, పల్లీ చట్నీయా కొబ్బరి చట్నీయా అని కనుక్కున్నారు.

మా ఆయన వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఏ పంట వేయాలో ముప్పై నాలుగేళ్లు రైతులకు చెప్పాడు. వాళ్లు తమకు తోచిందే వేశారు. అందువల్ల ఆయనకు చెప్పడం అలవాటైంది కానీ, చెప్పింది ఎవరైనా చేస్తారన్న ఆశ లేదు. నేను బస్సు డిపోలో స్టోర్ గుమాస్తాగా ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు చేశాను. నా దగ్గర ఒక బోల్టు తక్కువైతే ఆ బస్సు బయటికి పోయేది కాదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఇన్నేళ్లు ఎట్లా నెగ్గుకొచ్చామని మా బంధువులు ఆశ్చర్యపోతుంటారు. ఆయన ఉదయం పోయి సాయంత్రం వచ్చేవాడు, నేనూ అంతే. రిటైరయ్యాకే మేం కలిసి బతకడం మొదలుపెట్టాం.

బండి కొనడానికి ముందు ఆయన ఏడు నెలలు ఫోన్‌లో వీడియోలు చూశాడు. వాటిలో మనుషులు చెరువు గట్టున, కొండ పక్కన బండి ఆపుకొని చాయ్ తాగుతుంటారు. బయల్దేరే ముందు ఏ బోల్టు బిగించాలో చెప్పే వీడియో ఆయన ఒక్కటీ చూడలేదు. ఉన్నాయి. తర్వాత నేను చూశాను.

మొదటి ఆదివారమే హైదరాబాద్ రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు పోయి వద్దామన్నాడు. నాలుగో కిలోమీటరులో పందిరి గుడ్డ చుట్టిన కడ్డీ వదులై పక్కకు తెరుచుకొని, రోడ్డుకు అడ్డంగా చెయ్యి చాపింది. వెనక మోటారు సైకిల్ మీద వస్తున్న మనిషి తల వంచి తప్పించుకున్నాడు. మమ్మల్ని దాటి ముందుకు పోయి ఆపాడు. తిడతాడనుకున్నాను.

"పెద్దమ్మా, జర కట్టుకొని పోర్రి," అని మాత్రం అని వెళ్లిపోయాడు.

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఆ సాయంత్రమే నోట్‌బుక్‌లో ఒప్పందం రాశాను. జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఉన్న మా అక్క ఇంటి దాకా మొదటి ప్రయాణం. దారిలో బండి బయటి సామాను ఒక్కటి ఊడినా బండి అమ్మబడును. ఇద్దరం సంతకాలు చేశాం. మా ఆయన సంతకం చేసే ముందు కిటికీలోంచి బండి వైపు చూశాడు. రోజూ సాయంత్రం ఐదింటికి ఆయన అందులో పోయి కూర్చునేవాడు. ఏం చేస్తావయ్యా అక్కడ అంటే, "ఊకె కూసుంట," అనేవాడు. ఉద్యోగమంతా ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని మాట్లాడిన మనిషి. తనకంటూ ఒక అరుగు దొరికిందని సంబరం. అది పోతే ఆయన నాతో గొడవ పడడు. మాట్లాడడం తగ్గిస్తాడు. నాకు తెలుసు. అయినా రాశాను.

బండి బిగింపులు సరిచేయడానికి ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డుకు తీసుకుపోయాం. జనగామలో ఆ పని తెలిసింది వాళ్లకే. మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగి, చేత్తో రెండుసార్లు తట్టి, మంచి గేదెను చూసినట్టు చూశాడు.

"మీకెందుకక్క ఇది. నాకియ్యిర్రి. మా బామ్మర్దికి దోసెల బండి వెట్టిస్త."

"ముందుగాల గొలుసులు వెయ్యి," అన్నాను.

కారు వెనక ఒక ఉక్కు గుండు ఉంటుంది. బండి ముక్కుకు ఉన్న కప్పును దాని మీద బోర్లించి గడియ వేస్తారు. ఆ గడియ వదిలితే బండి విడిపోకుండా, కారుకూ బండికీ మధ్య రెండు గొలుసులు ఉండాలి. అవి ముక్కు కింద ఒకదానికొకటి అడ్డంగా పోవాలి. కప్పు ఊడినా ముక్కు నేలకు తగలకుండా గొలుసుల మీద పడుతుంది.

"ఇరవై ఏండ్ల సంది ట్రాలీలు జేస్తున్న అక్క. ట్రాలీకి పిన్ను వేస్తం, పోతది. గొలుసు ఎన్నడన్న చూసినవా?"

"పిన్ను ఊడి ట్రాలీ పడ్డది ఎన్నడన్న చూసినవా?"

మేస్త్రి సుత్తి కింద పెట్టాడు.

"ఏడాదికి రెండు మూడుసార్లు పడ్తయి," అని ఒప్పుకున్నాడు. "అయినా పత్తి బస్తాలే గదక్క."

గొలుసులు వేశాడు. పందిరి కడ్డీకి ఒక్క పట్టీ ఉన్నచోట మూడు వేయించాను. మెట్టుకు గడియ, గ్యాస్ డబ్బా తలుపుకు గడియ, పైకప్పు మూతకు కొక్కెం, నీళ్లు పోయే గొట్టానికి బిరడా. నాలుగు మూలలా బండి నిలబెట్టినప్పుడు దించే కాళ్లున్నాయి. ప్రయాణంలో అవి పైకి మడిచి ఉండాలి. ఒక్కో చక్రానికి ఐదు నట్లు, రెండు చక్రాలకు పది. వాటిని వరుసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలని మేస్త్రికి చెబితే, "నువ్వు షెడ్డు వెట్టాల్సింది అక్క," అన్నాడు. పొగడ్తా ఎత్తిపొడుపా తేల్చుకోలేదు. టైరు మీద తయారైన వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. రెండు టైర్లూ మా మనవరాలి కన్నా పెద్దవి. మార్పించాను.

ముక్కు దగ్గర ఇంకొక చిన్న చక్రం ఉంది. బండిని కారు నుంచి విడదీసినప్పుడు ముక్కు దాని మీద నిలబడుతుంది. పిడి తిప్పితే కిందికి దిగుతుంది, తిప్పితేనే పైకి లేస్తుంది. రోడ్డు మీద పోయేటప్పుడు అది పూర్తిగా పైకి లేపి, బిగించి ఉండాలి. మేం దానికి ముక్కు చక్రం అని పేరు పెట్టుకున్నాం.

మొత్తం ఇరవై మూడు అంశాలు. అన్నీ నోట్‌బుక్‌లో వరుసగా రాశాను. ముక్కు చక్రం నాలుగోది.

ఫిబ్రవరి చివరి శుక్రవారం ఉదయం ఆరూ పదికి జనగామలో బయల్దేరాం. యాభై కిలోమీటర్లు పోయాక ఆపించి నట్లు మళ్లీ చూశాను. కొత్త టైరు వేశాక అట్లా చూడాలి. రెండు నట్లు పావు చుట్టు బిగిశాయి. మా ఆయన నాకు స్పానర్ అందించాడు. తొమ్మిదీ ఐదుకు మహబూబాబాద్‌లో ఆడబిడ్డ ఇంటి ముందు ఆగాం. ఇరవై మూడు అంశాలకు ఇరవై మూడూ ఉన్నాయి. దారంతా స్టీరింగ్‌ను పాలగిన్నెలా పట్టుకున్న మా ఆయన అప్పుడు చేతులు దులుపుకొని, "సగం గెలిచినట్టే," అన్నాడు. అది కిలోమీటర్లలో సగం కాదు. ఆ విషయం చెప్పలేదు.

ఆడబిడ్డ మా ఆయన కన్నా ఆరేళ్లు పెద్దది. శనివారం ఇల్లు వదిలి పోనివ్వదు కాబట్టి ఆదివారం దాకా ఉండిపోయాం. ఆ రెండు రోజులూ వాడకట్టంతా బండిని చూడ్డానికి వచ్చింది. వచ్చినవాళ్లెవరూ చూసి ఊరుకోలేదు. ఏ మూత కనబడితే అది తెరిచారు, ఏ పిడి కనబడితే అది తిప్పారు. పందిరి కడ్డీ మీద ఎవరో రెండు తువ్వాళ్లు ఆరేశారు. ఆడబిడ్డ లోపలికెక్కి మంచం మీద కూర్చుని, లేవనని మొండికేసింది.

"నేను చిట్యాల దాక గిండ్లనే పండుకొని వస్త తమ్మీ. పెండ్లిళ్లకు ట్రాలీల పోలేదా?"

"కారు గుంజే బండిల మనిషి ఉండొద్దక్క. రూలున్నది," అన్నాడు మా ఆయన.

"మనిషి ఉండనిది ఇల్లెట్లయితదిరా?"

మా ఆయన తల గోక్కున్నాడు. నా దగ్గర జవాబు ఉంది కానీ, ఆమె నాకు పెద్ద. దింపడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది.

ఆదివారం ఉదయం ఏడింటికి నోట్‌బుక్ పట్టుకొని బండి చుట్టూ తిరిగాను. రెండు రోజుల్లో తిప్పినవన్నీ మళ్లీ బిగించాను. ముక్కు చక్రం పైకి లేపి, పిడి బిగించి, నాలుగో అంకె పక్కన టిక్కు పెట్టాను. బండి కరెంటు ప్లగ్గు కారుకు పెట్టి ఇండికేటర్లు, బ్రేకు లైట్లు వెలిగించి చూశాను. ఏడూ ఇరవై రెండుకు ఇరవై మూడు టిక్కులు పూర్తయ్యాయి. కింద సంతకం చేసి తేదీ వేశాను.

అప్పుడు ఆడబిడ్డ పళ్లెం పట్టుకొని వచ్చింది. కొబ్బరికాయ, కర్పూరం, కురవి వీరభద్రస్వామి గుడి నుంచి తెప్పించిన కుంకుమ, ఆరు నిమ్మకాయలు. బండికి బొట్టు పెట్టింది. కారు చక్రాల కింద నాలుగు, బండి చక్రాల కింద రెండు నిమ్మకాయలు పెట్టింది. వాటిని తొక్కుకుంటూ బండి కదిలితే దిష్టి పోతుంది. నాకు ఆ నమ్మకం లేదు. కానీ లెక్క తప్పితే చూస్తూ ఊరుకోలేను.

"వదినె, చక్రాలు ఏడు. నిమ్మకాయలు ఆరే ఉన్నయి," అన్నాను.

ఆడబిడ్డ వంగి చూసింది.

"ఏడోది ఏడున్నదే?"

నేనే చూపించాను. నేను ఎత్తకపోతే ఎవరూ అడిగేవారు కాదు, ఎవరికీ గుర్తులేదు. నా వేలితో నేనే ముక్కు చక్రాన్ని చూపించాను.

"అవునే, నిజమే. చిన్నదైతే చక్రం గాదా? దానికి వెట్టకపోతే అదే అడ్డం తిరుగుతది." ఆమె లోపలికి పోయి ఇంకొక నిమ్మకాయ తెచ్చింది. "కని గది గాలిల ఉన్నది గదనే. ఎట్ల తొక్కుతది?"

"దించుత ఉండు," అన్నాను.

పిడి తిప్పి ముక్కు చక్రాన్ని నిమ్మకాయకు ఆనేదాకా దించాను. లెక్క సరిపోయింది. వెళ్లి కారులో కూర్చున్నాను. నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకున్నాను. ఆడబిడ్డ కొబ్బరికాయ కొట్టింది. ఏడు నిమ్మకాయలూ పగిలాయి.

"ఇగ ఆగకుర్రి తమ్మీ. నిమ్మకాయ తొక్కినంక ఆగొద్దు, ఎనక్కి తిరిగి చూడొద్దు. పోర్రి పోర్రి."

మా ఆయన ఆగలేదు, వెనక్కి చూడలేదు.

ఊరు దాటకముందే వెనక నుంచి చప్పుడు మొదలైంది. పిండిమరలో రాయి పడ్డట్టు గరగరమని.

"ఏందే గది?" అన్నాడు మా ఆయన.

"రోడ్డు."

"రోడ్డు చప్పుడు గిట్లుండది. ఆపి చూద్దమా?"

నోట్‌బుక్ తెరిచి చూశాను. ఇరవై మూడు టిక్కులు, సంతకం, తేదీ.

"అన్నీ చూసిన. ఆపే పని లేదు," అన్నాను.

"ఏదో గుంజుకొస్తున్నట్టున్నదే."

"నువ్వు టిక్కు వెట్టినవా, నేను వెట్టిననా?"

ఆయన నోరు మూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ల సాధన. గూడూరు వైపు పోతుంటే తండా ముందరి స్పీడు బ్రేకరు మీద కారు దాటింది. బండి దాటేటప్పుడు టక్కుమంది. ఆ తర్వాత గరగర లేదు.

"చూసినవా, పోయింది," అన్నాను.

నిజంగానే పోయింది. కొంత ముందుకు పోయాక చాయ్ కోసం పక్కకు ఆపి దిగాం. మా ఆయన బండి ముక్కు దగ్గర నిలబడిపోయాడు. ముక్కు చక్రం ఉండాల్సిన చోట వంకరపోయిన గొట్టం మాత్రమే ఉంది. కింద చక్రం లేదు.

మా ఆయన వంగి ఆ గొట్టాన్ని వేలితో తట్టాడు.

"ఎన్నో నంబరు?" అని అడిగాడు.

"నాలుగు."

"టిక్కు వెట్టినవా?"

"వెట్టిన."

ఇంకెవరైనా అయితే అక్కడ నవ్వేవారు, లేదా అరిచేవారు. మా ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. ఫోన్ తీశాడు.

"మాట మాటే. మేస్త్రికి జెప్త, వచ్చి తీస్కపొమ్మని."

ఫోన్‌లో పైకీ కిందికీ వెతికాడు. మేస్త్రి నంబరు దొరకలేదు. దొరకకూడదని వెతుకుతున్నట్టుంది. ఆయన నన్ను ఒక్క మాట అని ఉంటే నేనూ పది అనేదాన్ని, పని తేలికయ్యేది. ఏమీ అనలేదు. అప్పుడు నేను నా జీవితంలో ఎవరి దగ్గరా చేయని పని చేశాను. వాదన వెతికాను.

"ఆగు. ఒప్పందంల 'ఊడినా' అని రాసి ఉన్నది. ఇది ఊడలేదు. విరిగింది."

"ఏం తేడా?"

"మా స్టోర్ల రెండూ వేర్వేరు. ఊడి పోయిన సామానుకు గుమాస్తా జవాబు చెప్పాలె. విరిగిన సామానుకు పాత ముక్క తెచ్చిస్తే కొత్తది ఇస్తరు. తప్పు లేదు."

"పాత ముక్క ఏది మరి?"

పాత ముక్క బ్రేకరు దగ్గర ఉండాలి. బండితో రోడ్డు మీద వెనక్కి తిరగడం మా ఆయనకు ఇంకా రాదు. పైగా ఆడబిడ్డ వెనక్కి చూడొద్దన్నది. నేను నడిచాను. వెయ్యిన్నీ నూట నలభై అడుగులు. అడుగడుగునా, ఇది విరగడమే కానీ ఊడడం కాదని నాకు నేనే చెప్పుకుంటూ, సంతోషంగానే నడిచాను.

బ్రేకరు పక్కన, రోడ్డు వారగా, తండా మనిషి ఒకామె టార్పాలిన్ పరదా మీద మిరపకాయలు ఆరబోసి కాళ్లతో తిరగేస్తోంది. నలభై ఏళ్లుంటాయి. పరదా గాలికి లేవకుండా మూడు మూలల రాళ్లున్నాయి. నాలుగో మూల మా ముక్కు చక్రం ఉంది.

"గిది నీదా అవ్వ?" అన్నది నన్ను చూసి. "ఎవలన్న వస్తరని తెలుసు. గింత మంచి చక్రం ఊకె పారేస్తరా?"

"ఏడ పడ్డది బిడ్డా?"

"గీడికే వచ్చింది. నేను కూసొని తొడిమలు తీస్తున్న. బుర్రున వచ్చి గిట్ల పడ్డది." ఆమె తను కూర్చున్న పీట చూపించింది. తర్వాత మిరపకాయల్లో ఒక గుంట చూపించింది. "గజం దూరంల."

వంగి జానలతో కొలిచాను. గజం లేదు. మూడు జానల మీద నాలుగు వేళ్లు.

"ఏందవ్వ కొలుస్తున్నవ్?"

ఆ పీట మీదే కూర్చున్నాను. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది.

"గంత పరేషాన్ ఎందుకు? తగల్లేదు గద. తగిల్తే అప్పుడు కొట్లాడేదాన్ని," అని నవ్వింది. చక్రం తీసి నాకిచ్చి, దాని చోట ఒక ఇటుక పెట్టుకుంది.

తిరిగి నడుస్తుంటే అడుగులు లెక్కపెట్టలేదు. ఊడినా విరిగినా అది పోయి పడేది ఒకరి పక్కనే. మోటారు సైకిల్ మనిషి తల వంచాడు కాబట్టి నేను ఒప్పందం రాశాను. ఈమెకు తల వంచే సమయం కూడా లేదు. ఆ కడ్డీ మా ఆయన నిర్లక్ష్యం. ఈ చక్రం నా లెక్క. టిక్కు పెట్టాక చేత్తో తాకినదాన్ని మళ్లీ చూడకపోతే, డిపోలో ఆ గుమాస్తాను నేనే ఇంటికి పంపేదాన్ని.

మా ఆయన బండి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చక్రం ఆయన చేతిలో పెట్టి, మూడు జానల నాలుగు వేళ్ల సంగతి చెప్పాను. ఆయన చక్రాన్ని తిప్పి చూశాడు.

"విరిగిందే. ఊడలేదు," అన్నాడు మెల్లగా. నా వాదన నాకే అప్పజెబుతున్నాడు, అదీ దయతో.

"గా మాట ఇడిసిపెట్టు. ఒప్పందం తప్పింది నేను. బండి కాదు."

"అయితే ఎవర్ని అమ్ముదం?"

ఆయన ముఖం మామూలుగానే ఉంది. ముప్పై నాలుగేళ్లలో ఎంతమంది రైతులతో ఇట్లా మాట్లాడాడో.

నోట్‌బుక్ తీశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రాసినదాన్ని కొట్టేయాల్సిన అవసరం నాకు రాలేదు. 'బండి అమ్మబడును' అన్నదాన్ని ఒక్క గీతతో కొట్టేసి, కింద రాశాను: ఇకమీదట పుస్తకం ఆయన చదవవలెను, సామాను నేను చేత్తో తాకి చెప్పవలెను. బండి కదిలే ముందు అదే చివరి పని. ఆ తర్వాత కొబ్బరికాయ లేదు, నిమ్మకాయ లేదు, పలకరింపు లేదు. చప్పుడు వినబడితే, ఎవరు టిక్కు పెట్టినా, ఆపవలెను. పొట్టి సంతకం చేసి పుస్తకం ఆయనకిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి సంతకం చేశాడు.

"మా అక్కకు ఎవరు జెప్తరు?" అన్నాడు.

"నీ అక్క. నువ్వే."

చక్రాన్ని సంచిలో పెట్టాడు. తర్వాత లేచి, పుస్తకాన్ని చేయి చాచినంత దూరం పట్టుకొని మొదలుపెట్టాడు. గొంతు కొంచెం ఎక్కువే పెంచాడు, పొలం గట్టున నిలబడి చెప్పినట్టు.

"ఒకటి. కప్పు గడియ."

గడియ లాగి చూశాను. "ఉన్నది."

"రెండు. గొలుసులు."

"ఉన్నయి. అడ్డం పోయినయి."

"మూడు. ప్లగ్గు."

"ఉన్నది."

ఆయన ఆగాడు. కళ్లద్దాల మీంచి నా వైపు చూశాడు.

"నాలుగు. ముక్కు చక్రం."

"సంచిలున్నది."

"సంచిలున్నది," అని ఆయన పైకి అంటూ అట్లాగే రాసుకొని, ఐదో అంశానికి పోయాడు.